కారు సీజ్ చేసి అమ్మేశారు, ఇంకా 3,05,000 కట్టమంటున్నారు. ఏం చేయాలి?

శ్రీను87 (సెప్టెంబరు 9, 2025, రాత్రి 11:20)

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

2021లో ఏడేళ్ల కిస్తీల మీద కారు లోన్ తీసుకున్నాను. మూడేళ్లకు పైగా ఒక్క కిస్తీ కూడా ఆలస్యం కాలేదు. పోయిన డిసెంబరులో ఉద్యోగం పోయింది. నాలుగు నెలలకు ఇంకోటి దొరికింది కానీ జీతం బాగా తక్కువ. ఐదు కిస్తీలు ఆగిపోయాయి. మే 14న ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చారు. గొడవేమీ చేయలేదు. "బండి ఇచ్చేయండి సార్, మీకీ టెన్షన్ ఉండదు" అన్నారు. నేనే తాళాలు తెచ్చి చేతిలో పెట్టాను. డ్యాష్‌బోర్డు మీద మా పాప అంటించుకున్న స్టిక్కరు ఊడిరాలేదు, అలాగే వదిలేశాను. ఏదో కాగితం ఇస్తే బానెట్ మీద పెట్టి సంతకం చేసేశాను. బండి పోయింది, దాంతోపాటు అప్పూ పోయింది అనుకున్నాను. చాలా నెలల తర్వాత ఆ రాత్రి హాయిగా పడుకున్నాను కూడా.

ఇప్పుడు లెటర్ వచ్చింది. బండి అమ్మేశారట. ఇంకా 3,05,000 రూపాయలు 15 రోజుల్లో కట్టాలట, లేకపోతే చట్టపరమైన చర్యలట. షూరిటీ పెట్టిన మా బావగారికి కూడా ఇదే లెటర్ వెళ్లింది. ఆయన నాకు ఫోన్ చేయలేదు, నాకు చేసే ధైర్యం లేదు. బండి లేదు, డబ్బూ లేదు, ఇంకా మూడు లక్షలేమిటి? ఇది నిజంగా కట్టాలా? జైలు దాకా వెళ్తుందా?

పాత బ్యాంకు మనిషి (సెప్టెంబరు 10, ఉదయం 6:15)

శ్రీను గారూ, ముందు ఆ భయం తీసేయండి. లోన్ కట్టలేకపోవడం నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. చెక్కులు ఇచ్చి ఉంటే మాత్రం అది వేరే సంగతి, దాని గురించి లాయర్లు చెబుతారు.

బండి ఇచ్చేస్తే అప్పు తీరుతుందన్నది మాత్రం నిజం కాదు. బ్యాంకులో పనిచేసిన రోజుల్లో ఈ నమ్మకంతో తాళాలు ఇచ్చేసి, ఆరు నెలల తర్వాత మీలాగే లెటర్ పట్టుకుని వచ్చినవాళ్లను ఎంతోమందిని చూశాను. బండి అప్పుకు హామీ మాత్రమే. అమ్మితే ఎంత వచ్చిందో అంత మీ లోన్ ఖాతాలో జమ అవుతుంది. మిగిలింది మామూలు బాకీగా ఉండిపోతుంది. ఎక్కువ వస్తే ఆ మిగులు మీకు తిరిగి ఇవ్వాలి. అయితే పాత బండి వేలంలో అలా మిగలడం అరుదు.

కానీ వాళ్లు రాసిన అంకె దేవుడి మాటేమీ కాదు. 3,05,000 ఎలా వచ్చిందో లెటర్‌లో ఉందా? అసలు ఎంత, వడ్డీ ఎంత, సీజింగ్ ఖర్చు ఎంత, అమ్మిన ధర ఎంత? అమ్మేముందు మీకు నోటీసు వచ్చిందా? ఈ రెండూ చెప్పండి.

శ్రీను87 (సెప్టెంబరు 10, ఉదయం 8:40)

సార్, లెటర్ వెనక చిన్న పట్టిక ఉంది. అసలు 5,10,000. బాకీ వడ్డీ 24,000. పీనల్ (ఆలస్యానికి జరిమానా) అని 16,500. సీజింగ్ చార్జీ 22,000. యార్డు పార్కింగ్ 9,500. లీగల్ ఖర్చులు 8,000. మొత్తం 5,90,000. బండి అమ్మితే వచ్చింది 2,85,000.

నోటీసు మాకు అందలేదు. మార్చిలో ఇల్లు మారాం, పాత అడ్రసుకు పంపి ఉండొచ్చు. నేను సంతకం పెట్టిన కాగితం కాపీ నా దగ్గర లేదు.

సూటిగా (సెప్టెంబరు 10, ఉదయం 9:05)

బ్రదర్, ఏమీ కట్టకు. నంబరు మార్చేయ్. మూడేళ్లు ఊరుకుంటే బాకీ కాలదోషం పట్టిపోతుంది. నా ఫ్రెండ్ అదే చేశాడు, ఎవరూ రాలేదు.

న్యాయవాది_ఆర్ (సెప్టెంబరు 10, మధ్యాహ్నం 1:30)

పైన ఇచ్చిన సలహా పాటించవద్దని శ్రీను గారికి గట్టిగా చెబుతున్నాను. లిమిటేషన్ చట్టం, 1963 ప్రకారం మూడేళ్ల గడువు ఉన్నమాట నిజమే. అయితే ఆ మూడేళ్లు ఏ తేదీ నుంచి లెక్కించాలన్నది మీ అగ్రిమెంటును, వాళ్లు పంపిన నోటీసులను బట్టి ఉంటుంది. గడువులోపు మీరు బాకీ ఒప్పుకుంటూ ఒక్క లెటర్ రాసినా, కొంత డబ్బు కట్టి అది రికార్డుల్లో ఉన్నా, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. 18, 19 సెక్షన్లు ఇదే చెబుతాయి. అసలు చాలామంది ఫైనాన్షియర్లు మూడేళ్లు ఆగరు. అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటుంది, అంటే గొడవను కోర్టు బయట ఒక మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) తేలుస్తాడన్న షరతు. రిజిస్టర్ పోస్టులో నోటీసు వస్తుంది. మీరు నంబరు, ఇల్లు మార్చుకుని కూర్చుంటే, మీరు లేకుండానే అవార్డు, అంటే ఆ మధ్యవర్తి తీర్పు, ఇచ్చేస్తారు. దాన్ని కోర్టు డిక్రీలాగే అమలు చేసుకోవచ్చు. అవార్డును సవాలు చేయడానికి అది అందిన రోజు నుంచి మూడు నెలలు, సరైన కారణం చూపితే ఇంకో 30 రోజులు, అంతే. "ఎవరూ రాలేదు" అన్న ఆ మిత్రుడికి చివరికి జీతం అటాచ్‌మెంట్ (జీతంలోంచి కోసుకునే) ఆర్డరుతోనే విషయం తెలియవచ్చు.

జీతం మాట వచ్చింది కాబట్టి దాని గురించీ చెబుతాను, ఎందుకంటే అందరినీ ఇది ఎక్కువ భయపెడుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మామూలు అప్పు డిక్రీలో నెల జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 31,000 జీతమైతే 21,000 మీదే, 10,000 వరకే తీసుకోగలరు. ప్రావిడెంట్ ఫండ్ జోలికి వెళ్లకూడదు. కట్టే స్తోమత లేదన్న ఒక్క కారణంతో ఒకరిని సివిల్ జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. మోసం చేసి ఆస్తులు దాచినవాళ్ల కథ వేరు.

ఇక చెక్కులు. లోన్ తీసుకునేటప్పుడు ఖాళీ చెక్కులు ఇచ్చారా?

శ్రీను87 (సెప్టెంబరు 10, మధ్యాహ్నం 2:10)

మూడు ఇచ్చాను మేడమ్. సంతకం ఒక్కటే, మిగతా అంతా ఖాళీ.

న్యాయవాది_ఆర్ (సెప్టెంబరు 10, రాత్రి 9:00)

అయితే అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. వాటిలో ఒకటి నింపి బ్యాంకులో వేసి అది బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కిందికి వస్తుంది. అది క్రిమినల్ కేసు. రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కానీ దానికి పద్ధతి ఉంది. బౌన్స్ సమాచారం వచ్చిన 30 రోజుల్లో వాళ్లు మీకు నోటీసు ఇవ్వాలి, మీకు 15 రోజుల గడువు ఉంటుంది. ఆ నోటీసును పక్కన పడేసినవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు. చెక్కు మీద వేసిన అంకె ఆ రోజుకు నిజంగా చెల్లాల్సిన బాకీ కన్నా ఎక్కువగా ఉంటే అది మీకు బలమైన వాదన. అందుకే లెక్క ముందు తేలాలి.

రేపే ఒక లెటర్ రాయండి, ఈమెయిల్, రిజిస్టర్ పోస్టు రెండూ పంపండి. అందులో "నేను బాకీ ఉన్నాను" అన్న మాట రాకూడదు. "మీ లెటర్ అందింది. నా హక్కులకు భంగం కలగకుండా, ఈ లెటర్‌ను బాకీ అంగీకారంగా భావించకూడదన్న షరతుతో అడుగుతున్నాను" అని మొదలుపెట్టండి. మొదటి రోజు నుంచి పూర్తి ఎకౌంట్ స్టేట్‌మెంట్, అగ్రిమెంటు కాపీ, మీరు సంతకం పెట్టిన సరెండర్ కాగితం, అమ్మకానికి ముందు పంపిన నోటీసు, అది పోస్టు చేసిన రుజువు, వాల్యుయేషన్ రిపోర్టు, వేలంలో వచ్చిన ధరలు, బండి యార్డు నుంచి విడుదలైన తేదీ, ప్రతి చార్జీకి బిల్లు అడగండి. కొత్త అడ్రసు కూడా రాయండి. దాక్కోవడం వల్ల మీకు ఏ లాభమూ లేదు.

రికవరీలో_ఆరేళ్లు (సెప్టెంబరు 11, ఉదయం 7:50)

నేను ఆరేళ్లు వసూళ్ల పనిలో ఉన్నాను, ఇప్పుడు మానేశాను. ఆ పని చేశాను కాబట్టి ఇది చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

మీకు ఫోన్ చేసే అబ్బాయికి తగ్గించే అధికారం ఏమీ ఉండదు. "సార్, నేను మాట్లాడి 50,000 తగ్గిస్తాను, ఇప్పుడు ఒక 20,000 వేయండి" అంటాడు. ఆ 20,000 సెటిల్‌మెంట్ కింద జమ కాదు, మామూలు బాకీ కింద పోతుంది. పైగా మేడమ్ చెప్పినట్టు లిమిటేషన్ కొత్తగా మొదలవుతుంది. తగ్గింపు ఇచ్చేది ఆఫీసులో ఉన్న సెటిల్‌మెంట్ డెస్కు. బండి అమ్మేశాక మిగిలే బాకీకి హామీ ఏమీ ఉండదు కదా, అందుకే అక్కడ బేరానికి చోటుంటుంది. మేమూ ఆ ఫైళ్లను అలాగే చూసేవాళ్లం. నెలాఖరుకు, త్రైమాసికం ఆఖరుకు ఇంకా త్వరగా ఒప్పుకునేవాళ్లు.

ఎవరి చేతికీ క్యాష్ ఇవ్వకండి. ఎవరి సొంత నంబరుకూ యూపీఐ చేయకండి. లోన్ నంబరు కొట్టి కట్టే కంపెనీ లింకు, లేదా కంపెనీ పేరు మీద డీడీ, ఇంకేదీ వద్దు.

ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. బంధువులకు, ఆఫీసువాళ్లకు చెప్పి పరువు తీయడం కూడా కుదరదు. కాల్ వచ్చిన టైమ్ రాసి పెట్టుకోండి. నేను చేసిన రోజుల్లో మా టీమ్ ఈ హద్దులు దాటింది, ఆ ఇళ్లలో వాళ్ల గొంతులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

అనూష_వాళ్ల_అమ్మ (సెప్టెంబరు 11, మధ్యాహ్నం 12:25)

రికవరీ అన్నయ్య చెప్పిన క్యాష్ మాట నాకు జరిగింది. మావారి పేరు మీద లోన్, నేను కో-అప్లికెంట్‌ని. ఆయన పోయాక బండి నేనే అప్పజెప్పాను. 1,40,000 మిగిలిందన్నారు. వసూళ్లకు వచ్చే ఒకాయన "60,000 ఇస్తే క్లోజ్ చేయిస్తాను అమ్మా" అని చాలా మర్యాదగా మాట్లాడాడు. గాజులు తాకట్టు పెట్టి ఇచ్చాను. చేతిరాత రశీదు ఇచ్చాడు, నెల తర్వాత ఆయన నంబరు పనిచేయలేదు. కంపెనీవాళ్లు ఆ రశీదు మాది కాదన్నారు. ఏడాది తర్వాత మళ్లీ లెటర్ వచ్చింది, అప్పటికి అది 1,71,000 అయింది.

పోలీసు కంప్లయింట్ ఇచ్చాను, అది నడుస్తోంది. బాకీ మాత్రం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి లోక్ అదాలత్‌లో తేల్చుకున్నాను. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు కూడా అంతే. ఫోన్ నంబరు 15100. నాతో పాటు వచ్చిన లాయరమ్మ చిన్నపిల్లే కానీ, ఆ బల్ల ముందు కంపెనీ మనిషిని "ఈ చార్జీకి బిల్లు ఏదీ" అని నాలుగుసార్లు అడిగింది. నాలుగోసారికి ఆయన పెన్ను తీసి తనే కొట్టేశాడు. 75,000కు ముగిసింది. శ్రీను తమ్ముడూ, మనుషుల మాట నమ్మకు, కాగితం అడుగు.

జామీనుదారు (సెప్టెంబరు 11, రాత్రి 10:15)

ఇక్కడ అందరూ శ్రీను గారి వైపు నుంచి మాట్లాడుతున్నారు. నేను ఆయన బావగారి వైపు నుంచి మాట్లాడతాను.

నేను ఒక దగ్గరి చుట్టానికి షూరిటీ పెట్టాను. "పేరుకే కదా" అన్నాడు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం షూరిటీకి కూడా అసలు అప్పుదారుతో సమానమైన బాధ్యత ఉంటుంది. అతన్ని వదిలేసి ముందు నన్నే పట్టుకోవచ్చు, పట్టుకున్నారు కూడా. ఇంటి లోన్ కోసం వెళ్తే నా సిబిల్ రిపోర్టులో (మన అప్పుల చరిత్ర చూపే రిపోర్టు) ఆ కారు బాకీ కనిపించింది. లోన్ రాలేదు. కట్టింది చివరికి నేనే. కట్టాక అతని దగ్గర వసూలు చేసుకునే హక్కు చట్టం ఇస్తుంది, కానీ సొంత మనిషి మీద దావా వేయాలంటే మనసు రాలేదు.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏమిటంటే, అతను నాకు ముందే చెప్పలేదు. బండి సీజ్ అయిన సంగతి నాకు కంపెనీ లెటర్‌తో తెలిసింది. శ్రీను గారూ, మీ బావగారు ఫోన్ చేయకపోవడం కోపం వల్ల కాదేమో, మీరు ఎప్పుడు చేస్తారా అని చూస్తున్నారేమో. ఈ రాత్రే చేయండి.

శ్రీను87 (సెప్టెంబరు 11, రాత్రి 11:50)

చేశాను అన్నా. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం. తర్వాత ఆయనే "లెటర్ చూశాను, ఏం చేద్దాం చెప్పు" అన్నారు. మేడమ్ చెప్పిన లెటర్ ఇద్దరి పేర్ల మీద పంపుతున్నాం.

ఆర్‌సీ_పనులు (సెప్టెంబరు 12, ఉదయం 10:00)

ఒక చిన్న విషయం, ఎవరూ చెప్పలేదు. పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొట్టి ఆర్‌సీ ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందో చూడండి. సీజ్ చేసినవాళ్లు ఫారం 36తో ఆర్‌సీ తమ పేరు మీదికి మార్చుకోవచ్చు. దానికి ముందు రవాణా శాఖ మీకు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్‌లో ఉంది. పేరు మారకపోతే చలానాలు మీకే వస్తాయి, ఏదైనా యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ కాగితాల్లోకి మీ పేరు లాగుతారు. మే 14న బండి అప్పజెప్పినట్టు రుజువు పెట్టుకోండి. ఆ రోజు పోలీస్ స్టేషన్‌కు వాళ్లు సమాచారం ఇచ్చి ఉంటే దాని కాపీ అడగండి.

శ్రీను87 (అక్టోబరు 6, రాత్రి 9:30)

చాలా రోజుల తర్వాత వస్తున్నాను. కాగితాలు వచ్చాయి. మొదటి లెటర్‌కు జవాబు లేదు. రెండోసారి "30 రోజుల్లో ఇవ్వకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారికి) వెళ్తాను" అని రాస్తే అన్నీ ఈమెయిల్‌లో పంపారు. ఆదివారం నేను, బావగారు నేల మీద పరుచుకుని కూర్చున్నాం. ఆయన షాపు లెక్కలు చూసే మనిషి, ఎర్ర పెన్ను పట్టుకున్నారు.

మొదట యార్డు పార్కింగ్. రోజుకు 100 చొప్పున 95 రోజులు, 9,500. బండి మే 14న వెళ్లింది. 95 రోజులంటే ఆగస్టు 17. కానీ యార్డు రిలీజ్ ఆర్డరు మీద తేదీ జులై 14. అంటే కొన్నవాడు 61వ రోజునే బండి తీసుకెళ్లిపోయాడు. బండి లేని 34 రోజులకు నా దగ్గర అద్దె తీసుకున్నారు.

బావగారు అక్కడే ఆగారు. "మరి ఆగస్టు 17 ఎక్కడి నుంచి వచ్చింది?" అని స్టేట్‌మెంట్ వెనక్కి తిప్పారు. అమ్మిన 2,85,000 నా ఖాతాలో జమ అయింది ఆ రోజే. డబ్బు జులై 14న చేతికి వచ్చినా నెల పైన తర్వాత జమ చేశారు. ఆ 34 రోజులూ నాకు మొత్తం 5,10,000 మీద వడ్డీ వేశారు. 11 శాతం లెక్కన 2,85,000 మీద 34 రోజులకు సుమారు 2,900 అవుతుంది. పెద్ద మొత్తం కాదు. కానీ అది దొరికాక మా ఇద్దరికీ ధైర్యం వచ్చింది.

పీనల్ 16,500లో ప్రతి నెలా అంతకుముందు నెల పీనల్ కూడా కలిపి దాని మీద మళ్లీ లెక్కగట్టారు. లీగల్ 8,000కు ఒక్క నోటీసు తప్ప ఏమీ లేదు, బిల్లు లేదు. వాల్యుయేషన్ రిపోర్టులో 3,40,000 అని ఉంది. ఇన్సూరెన్స్ పాలసీలో ఐడీవీ (ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కలో బండి విలువ) 3,90,000. అమ్మింది 2,85,000కు. వచ్చిన ధరలు రెండే రెండు. అమ్మకం నోటీసు పాత అడ్రసుకు పంపారు, "ఇల్లు వదిలి వెళ్లారు" అని తిరిగొచ్చిన కవరు కాపీ కూడా వాళ్లే జత చేశారు. నా ఫోన్, ఈమెయిల్ వాళ్ల దగ్గర ఉన్నాయి, వాటికి ఏమీ రాలేదు.

పాత బ్యాంకు మనిషి (అక్టోబరు 7, ఉదయం 6:05)

మీ బావగారికి నా నమస్కారం చెప్పండి. అదే పద్ధతి.

పీనల్ విషయంలో మీ వాదన చాలా గట్టిది. ఆర్‌బీఐ 2023 ఆగస్టు 18న ఇచ్చిన ఆదేశంలో జరిమానాను వడ్డీ రూపంలో వేయకూడదు, దాన్ని అసలుకు కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు అని ఉంది. 2024 జూన్ చివరికల్లా పాత లోన్లకూ వర్తింపజేయాలి. మీ బాకీలన్నీ దాని తర్వాతివే. ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీల) ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్ ప్రకారం అమ్మేముందు అప్పుదారుకు కట్టుకునే చివరి అవకాశం ఇచ్చే నిబంధన అగ్రిమెంటులోనే ఉండాలి. మీ అగ్రిమెంటులో ఆ పేరా వెతికి, అందులో రాసింది వాళ్లు పాటించారో లేదో చూడండి.

న్యాయవాది_ఆర్ (అక్టోబరు 7, రాత్రి 8:45)

సార్ చెప్పినదానికి ఒక జాగ్రత్త కలుపుతాను. నోటీసు సరిగ్గా అందకపోవడం, తక్కువ ధరకు అమ్మడం వల్ల బాకీ మొత్తం రద్దయిపోదు. ఎంత తగ్గించాలన్న వాదనలో అవి మీ బలం. బలప్రయోగంతో బండి లాక్కుంటే సంగతి ఇంకోలా ఉండేది. గూండాలతో వసూళ్లు చేయించడాన్ని 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది, 2023 మేలో పాట్నా హైకోర్టు కూడా గట్టిగా మాట్లాడింది. మీరు తాళాలు స్వయంగా ఇచ్చారు కాబట్టి ఆ దారి ఎంచుకోవద్దు.

అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలనుకుంటే ఆర్బిట్రేషన్ మొదలవ్వకముందే వెళ్లండి. అదే గొడవ ఆర్బిట్రేటర్ ముందో కోర్టు ముందో నడుస్తుంటే వాళ్లు తీసుకోరు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, పైగా లాయరు ద్వారా పంపితే తీసుకోరు కూడా.

శ్రీను87 (అక్టోబరు 16, సాయంత్రం 6:20)

ఇవాళ పోస్టుమాన్ రిజిస్టర్ పోస్టు తెచ్చారు. కంపెనీ పేరు చూడగానే చేతులు చల్లబడ్డాయి. వద్దని చెప్పి పంపించేద్దామని ఒక్క నిమిషం అనిపించింది. ఈ థ్రెడ్ గుర్తొచ్చి సంతకం పెట్టి తీసుకున్నాను. ఆర్బిట్రేషన్ నోటీసు. ఆర్బిట్రేటర్‌ను కూడా వాళ్లే పెట్టేశారు.

న్యాయవాది_ఆర్ (అక్టోబరు 16, రాత్రి 9:10)

తీసుకుని మంచిపని చేశారు. వద్దన్నా అది చట్టం దృష్టిలో అందినట్టే లెక్క అయ్యేది, లోపల ఏముందో మాత్రం మీకు తెలిసేది కాదు.

ఒక పక్షం తానే ఏకపక్షంగా ఆర్బిట్రేటర్‌ను నియమించుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఇలాంటి క్లాజులను తప్పుపట్టింది. వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి, అదే లెటర్‌లో మీ లెక్క కూడా జత చేయండి. ఊరుకోవద్దు, విచారణకు హాజరైతే అభ్యంతరం నిలుపుకుంటూనే హాజరవ్వండి. ఇక్కడ మాత్రం మీ ఊళ్లో ఒక లాయరును పెట్టుకోండి, నేను ఫోరమ్‌లో చెప్పేది సరిపోదు.

రికవరీలో_ఆరేళ్లు (అక్టోబరు 17, ఉదయం 7:30)

ఇప్పుడు సెటిల్‌మెంట్ డెస్కుకు రాయండి శ్రీనూ. అభ్యంతరం ఉన్న ఫైలు మీద వాళ్లకూ ఖర్చు పెరుగుతుంది. మొదట మీరు నిజంగా కట్టగలిగినదానికన్నా తక్కువ చెప్పండి, ఎందుకంటే వాళ్లు పెంచుతారు. కట్టలేని కిస్తీకి మాత్రం ఒప్పుకోకండి. ఒక్కటి తప్పితే సెటిల్‌మెంట్ రద్దై పాత అంకె మళ్లీ మొదటికి వస్తుంది.

జామీనుదారు (అక్టోబరు 17, ఉదయం 9:15)

సెటిల్‌మెంట్ చేసుకుంటే సిబిల్‌లో "సెటిల్డ్" అని పడుతుంది, "క్లోజ్డ్" కాదు. పెద్ద లోన్లు ఇచ్చేవాళ్లు దాన్ని చూసి వెనక్కి తగ్గుతారు. కట్టలేని స్థితిలో ఉన్న మనిషికి అది చావుబతుకుల సమస్య కాదు, కానీ తెలిసి చేయాలి. తర్వాత ఎప్పుడైనా చేతిలో డబ్బు ఉంటే మాఫీ చేసిన మొత్తం కూడా కట్టి, క్లోజ్డ్‌గా మార్చమని అడగొచ్చు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, నాలుగింటిలోనూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితం. తప్పు ఉంటే ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ రూలు. మీ బావగారి రిపోర్టు కూడా తీయండి, మర్చిపోవద్దు.

శ్రీను87 (డిసెంబరు 20, రాత్రి 10:40)

మళ్లీ వచ్చాను, ఈసారి కొంచెం మనశ్శాంతితో.

మా ఊళ్లో ఒక లాయరు గారిని పెట్టుకున్నాం. అభ్యంతరం లెటర్, మా ఎర్ర పెన్ను లెక్క రెండూ వెళ్లాక సెటిల్‌మెంట్ డెస్కు నుంచే ఫోన్ వచ్చింది. మేము 1,20,000 దగ్గర మొదలుపెట్టాం. వాళ్లు 2,60,000 అన్నారు, తర్వాత 2,10,000. పీనల్, లీగల్ పూర్తిగా తీసేశారు. యార్డు 6,100కు దిగింది. చివరికి 1,65,000కు మూడు కిస్తీలు, 65,000, 50,000, 50,000. మొదటి 65,000లో 40,000 బావగారిచ్చారు. నెలకు 5,000 చొప్పున తిరిగిస్తానని ఆయనకు నోటు రాసిస్తే చించేశారు, మా అక్క మళ్లీ ఇంకోటి రాయించి తీసుకుంది.

లెటర్ కంపెనీ లెటర్‌హెడ్ మీద వచ్చే వరకు ఒక్క రూపాయి కూడా కట్టలేదు. లోన్ నంబరు, మొత్తం, మూడు తేదీలు, ఇది పూర్తి, తుది పరిష్కారం అన్న మాట, షూరిటీ విముక్తి, ఆర్బిట్రేషన్ ఉపసంహరణ, చెక్కులు వాపసు, చివరి చెల్లింపు తర్వాత 30 రోజుల్లో సిబిల్ లాంటి క్రెడిట్ కంపెనీలకు సమాచారం, ఇవన్నీ ఉన్నాయి. మొదటి డ్రాఫ్టులో షూరిటీ మాట లేదు. లాయరు గారు వెనక్కి పంపి చేర్పించారు.

రెండు కిస్తీలు కట్టాను. జనవరి 10న మూడోది.

అనూష_వాళ్ల_అమ్మ (డిసెంబరు 21, ఉదయం 7:10)

చాలా సంతోషం తమ్ముడూ. చివరి రశీదు వచ్చాక అన్నీ ఒక కవర్లో పెట్టి బీరువాలో దాచుకో. నాకు రెండేళ్ల తర్వాత వేరే ఏజెన్సీ నుంచి పాత బాకీ అని ఫోన్ వచ్చింది. లోక్ అదాలత్ అవార్డు ఫొటో తీసి పంపాను, మళ్లీ చేయలేదు.

శ్రీను87 (జనవరి 29, 2026, రాత్రి 8:15)

ఇవాళ కొరియర్ వచ్చింది. నో డ్యూస్ లెటర్ రెండు కాపీలు, ఒకటి నా పేరు మీద, ఒకటి బావగారి పేరు మీద. దాంతోపాటు మూడు చెక్కులు. 2021లో పెట్టిన సంతకాలు అలాగే ఉన్నాయి, మిగతా అంతా ఇంకా ఖాళీగానే ఉంది. చెక్కులను నిలువునా చింపి బావగారికి ఫొటో పంపాను. సిబిల్‌లో ఇంకా మారలేదు, ఫిబ్రవరి 9 వరకు వాళ్లకు టైముంది. మారకపోతే 10న ఫిర్యాదు వేస్తాను, వచ్చి ఇక్కడే రాస్తాను.